కేక్ మధ్యలో కుంగిపోతోందా? ఓపిక పట్టాల్సిన చోటు వేరు, తొందరపడాల్సిన చోటు వేరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఉండేది ఒడిశాలోని గుణుపురంలో. పాప పుట్టినరోజుకి కేక్ ఇంట్లోనే చేయాలని కొత్తగా ఓటీజీ (పైన కింద రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్) కొన్నారు. వీడియోలో చూసిన కొలతలే వేశారు. అయినా పైభాగం పగులుతోంది, అడుగు మాడుతోంది, బయటికి తీశాక మధ్యలో గుంట పడుతోంది, కోస్తే లోపల పచ్చిపిండి కనిపిస్తోంది. కుక్కర్‌లోనే బాగా వస్తుందని మీ అత్తగారు అంటున్నారు. నీకు ఓపిక లేదని మీ ఆయన అంటున్నారు. తప్పు కొలతలదా, ఓవెన్‌దా, నాదా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఓవెన్ మార్చక్కర్లేదు. వంటసోడా మానేయండి. టిన్ను సైజుకి తగ్గట్టు పిండి తగ్గించండి. ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే టిన్ను లోపల పెట్టండి. మొదటి 25 నిమిషాలు తలుపు తీయకండి. ఈ నాలుగూ సరిగ్గా జరిగితే గుంట పడదు.

మీ ఆయన మాటకొస్తే, ఓపిక లేనివాళ్ళు కుంగిన కేకు చూసి మళ్ళీ చేయరు, ఇంత వివరంగా ప్రశ్న రాయరు. మీరు పిండిని పదిహేను నిమిషాలు గిలకొట్టానని రాశారు. అక్కడ అంత ఓపిక అక్కర్లేదు, పైగా దానివల్ల నష్టం. ఓవెన్ వేడెక్కడానికి మాత్రం ఐదు నిమిషాలే ఇచ్చానన్నారు. ఓపిక పట్టాల్సింది అక్కడ. కేక్‌లో కొన్ని చోట్ల కూర్చుని ఎదురుచూడాలి, ఒకచోట మాత్రం పరుగెత్తాలి. మీకు ఈ రెండూ తారుమారయ్యాయి, అంతే.

నేను పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే కేకులు చేసి ఇస్తుంటాను. మా గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ కాబట్టి డిసెంబరంతా ఓవెన్ ఆరదు. పుట్టినరోజులు సరే, ఏడాది పొడుగునా ఉంటాయి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మీరు చెప్పిన ఈ గుంటతోనే వస్తారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

గుంట ఎందుకు పడుతుంది

వేడి తగలగానే పిండిలోని గాలి బుడగలు పెద్దవవుతాయి, కేక్ పొంగుతుంది. ఆ పొంగిన ఆకారాన్ని నిలబెట్టేవి మైదాలోని గంజి, గుడ్డులోని మాంసకృత్తులు. అవి సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్య గట్టిపడతాయి. టిన్ను అంచులకు ముందు వేడి తగులుతుంది, మధ్య భాగానికి చివర్లో. అంచులు గట్టిపడి, మధ్యభాగం ఇంకా జారుగా ఉన్న సమయంలో వేడి తగ్గిందా, బుడగలు ముడుచుకుంటాయి. పట్టి నిలపడానికి కింద ఇంకా ఏమీ తయారై ఉండదు. మధ్యభాగం కూలుతుంది.

కాబట్టి మూడు రకాలుగా గుంట పడుతుంది. బుడగలు మరీ ఎక్కువై ఉండాలి (సోడా, బేకింగ్ పౌడర్ ఎక్కువ వేసినప్పుడు). లేదా మధ్యలో వేడి పడిపోయి ఉండాలి (తలుపు తీసినప్పుడు, ఓల్టేజీ పడినప్పుడు). లేదా మధ్యభాగం ఉడకకముందే బయటికి తీసి ఉండాలి. మీరు రాసిన వివరాలు చూస్తే మీ కేక్‌కి మూడూ జరిగాయి.

సోడా సంగతి

ఒక కప్పు మైదాకి ఒక చెంచా సోడా, ఒక చెంచా బేకింగ్ పౌడర్ వేశానన్నారు. వంటసోడా బలం బేకింగ్ పౌడర్‌కి మూడు నాలుగు రెట్లు. పావు చెంచా సోడా దాదాపు ఒక చెంచా బేకింగ్ పౌడర్‌తో సమానం. అంటే మీరు ఒక కప్పు మైదాకి ఐదు చెంచాల బేకింగ్ పౌడర్ వేసినట్టు లెక్క! ఒక్క చెంచా చాలు. కేక్ ఒక్కసారిగా పొంగి, నిలబడలేక కూలింది. నాలుక మీద సబ్బు రుచి వచ్చిందని రాశారు చూడండి, పని చేయకుండా మిగిలిపోయిన సోడా రుచి అది.

సోడా పని చేయాలంటే పులుపు కావాలి: పెరుగు, మజ్జిగ, నిమ్మరసం, వెనిగర్, ఏదో ఒకటి. గుడ్డు, పాలు, వెన్న వేసే మామూలు కేక్‌లో పులుపు ఉండదు కాబట్టి సోడా అక్కర్లేదు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పుల్లటి పొడి కూడా కలిపే ఉంటుంది. ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లండ్ ఆయన 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. వాళ్ళావిడకి ఈస్ట్ పడేది కాదట, ఆవిడ కోసమే ఈ తంటా అంతా. ఇప్పుడు మనం కొనే డబ్బాల్లో ఎక్కువ భాగం రెండుసార్లు పనిచేసే రకం: తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలినప్పుడు మిగతాది.

ఇంకో మాట. చిన్న ఊళ్ళలో బేకింగ్ పౌడర్ డబ్బా కిరాణా కొట్టు అలమరాలో నెలల తరబడి కూర్చుంటుంది. కొనేముందు తేదీ చూడండి. ఇంటికి తెచ్చాక అర చెంచా తీసి పావు గ్లాసు వేడినీళ్ళలో వేయండి. బుసబుసమని నురగ రావాలి. రాకపోతే ఆ డబ్బాతో కేక్ చేయొద్దు. వర్షాకాలంలో మూత వదులైతే తేమ తగిలి ఇంకా త్వరగా పాడవుతుంది.

టిన్ను లెక్క

దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా దగ్గరికొచ్చే పచ్చి కేకుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. వీడియోలో 8 అంగుళాల గుండ్రటి టిన్ను, మీ ఇంట్లో 6 అంగుళాలది. చూడటానికి రెండంగుళాలే తేడా. కానీ టిన్ను అడుగు వైశాల్యం లెక్కేస్తే (8×8కి 6×6) 64కి 36, అంటే సగానికి కాస్త పైన. ఆ పిండంతా మీ టిన్నులో పోస్తే ఎత్తు దాదాపు రెట్టింపు అవుతుంది. మధ్యకి వేడి చేరేలోపు అడుగు, అంచులు మాడతాయి. టిన్నులో సగం, మహా అయితే మూడింట రెండు వంతుల వరకే పిండి ఉండాలి. మిగిలిన పిండి చిన్న గిన్నెల్లో పోసి కప్ కేకులు చేసేయండి. పిల్లలకి పెద్ద కేక్ కన్నా అవే ఇష్టం, అది వేరే కథ.

వేడి, కరెంటు

ఇక అసలు విషయం. మీరు సాయంత్రం ఏడు గంటలకి చేశానన్నారు. మన వైపు ఆ వేళకి ఇళ్ళన్నిట్లో ఫ్యాన్లు, లైట్లు, మోటార్లు, టీవీలు ఆడుతుంటాయి. ఓల్టేజీ పడిపోతుంది. ఓటీజీ రాడ్డు ఇచ్చే వేడి ఓల్టేజీతో సమానంగా తగ్గదు, ఓల్టేజీ వర్గాన్ని బట్టి (దాన్ని దానితోనే గుణించిన లెక్కన) ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. 230 ఉండాల్సింది 180కి పడితే వేడి 60 శాతానికి దిగుతుంది. 1500 వాట్ల ఓవెన్ కాస్తా 900 వాట్లదైపోతుంది. టైమర్‌కి ఇదేం తెలియదు, దాని పాటికది తిరిగి 35 నిమిషాలకి టింగుమంటుంది. మనం కేక్ అయిపోయిందనుకుని తీసేస్తాం.

అందుకని కేక్ పొద్దున్నే చేయండి. లేదా మధ్యాహ్నం మూడు లోపు. కుదరక సాయంత్రమే చేయాల్సొస్తే టైమర్‌ని నమ్మకండి, పుల్లని నమ్మండి. దాని గురించి కింద చెప్తాను. స్టెబిలైజర్ కొనమని నేను చెప్పను. ఓటీజీకి సరిపోయేది కొనాలంటే ఖర్చు ఎక్కువ, వేళ మార్చుకుంటే పైసా ఖర్చు లేదు.

ముందుగా వేడి చేయడం అంటే మీట తిప్పి ఐదు నిమిషాలు వదిలేయడం కాదు. 180 దగ్గర పెట్టి, పైన కింద రెండు రాడ్లూ వేయండి. రాడ్లు ఎర్రగా వెలిగి, ఒకసారి ఆరతాయి. అప్పటికి లోపలి గాలి వేడెక్కింది గానీ గోడలు ఇంకా కాదు. ఆరాక మరో ఐదు నిమిషాలు ఆగండి. మొత్తం కలిపి పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఓల్టేజీ తక్కువుంటే ఇరవై. గోడలు వేడెక్కిన ఓవెన్ మీరు తలుపు తీసి టిన్ను పెట్టినా వెంటనే కోలుకుంటుంది. గాలి మాత్రమే వేడెక్కిన ఓవెన్‌లో తలుపు తీయగానే వేడి అంతా మీ మొహానికే.

చిన్న ఓటీజీల మీట మీద అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కాశీనగర్ నుంచి ఒకావిడ పగిలిన కేకులు పట్టుకొచ్చేవారు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ పెట్టి చూస్తే మీట 180 అంటుంటే లోపల 205 ఉంది. పైపొర ముందే గట్టిపడిపోతుంది, లోపలి పిండి తర్వాత పొంగి దాన్ని చీల్చుకుని వస్తుంది. పగులు అంటే అదే. ఆవిడ మీట 160 దగ్గర పెట్టడం మొదలుపెట్టాక సమస్య తీరింది. ఆ థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కేక్ సామాన్లలో మొదట కొనాల్సింది అది, తిరిగే స్టాండూ క్రీమ్ నాజిళ్ళూ తర్వాత.

మీ కేక్ పైన పగిలి, అడుగు మాడింది కాబట్టి మీ ఓవెన్ కూడా బహుశా ఎక్కువ వేడే ఇస్తోంది. థర్మామీటర్ వచ్చేదాకా 165 దగ్గర పెట్టి చేయండి. టిన్ను కింది రాడ్డుకి దగ్గరగా పెట్టకండి, మధ్య అరలో పెట్టండి. టిన్ను నల్లటిదైతే అడుగు ఇంకా త్వరగా మాడుతుంది, మెరిసే అల్యూమినియం టిన్ను మంచిది.

బేకింగ్ మధ్యలో కరెంటు పోతే? తలుపు ముట్టుకోకండి. పాతిక నిమిషాలు దాటి ఉంటే లోపలి వేడికే చాలావరకు ఉడికిపోతుంది, కరెంటు వచ్చాక కాసేపు పెడితే చాలు. మొదటి పది నిమిషాల్లోనే పోయి అరగంట దాకా రాకపోతే ఆ కేక్ మెత్తగా రాదు. పారేయకండి. పూర్తిగా కాల్చి, ముక్కలు చేసి, కస్టర్డ్‌లో వేసి పిల్లలకి పెట్టండి, లొట్టలేసుకుంటూ తింటారు.

కొలతలు

6 లేదా 7 అంగుళాల టిన్నుకి నేను ఎప్పుడూ చేసేది ఇది. వంటగది తక్కెడ ఉంటే గ్రాముల్లోనే తూచండి. కప్పుతో కొలిచినప్పుడు మైదా నొక్కి నింపామా, వదులుగా నింపామా అన్నదాన్ని బట్టి పాతిక ముప్పై గ్రాములు తేడా వచ్చేస్తుంది.

మైదా 125 గ్రాములు (240 మిల్లీలీటర్ల కప్పుతో వదులుగా ఒక కప్పు). బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా. పొడి చేసిన పంచదార 120 గ్రాములు. వెన్న 110 గ్రాములు. గుడ్లు రెండు. పాలు పావు కప్పు. వెనిలా ఎసెన్స్ ఒక చెంచా. చిటికెడు ఉప్పు, టేబుల్ బటర్ వాడితే ఉప్పు వేయక్కర్లేదు, దాన్లోనే ఉంటుంది.

గుడ్లు, పాలు అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి. చల్లటి గుడ్డు పడితే గిలకొట్టిన వెన్న ముద్ద కట్టి విరిగినట్టవుతుంది. వెన్న సంగతి మాత్రం మన ఎండల్లో జాగ్రత్త. విదేశీ వీడియోల్లో గది ఉష్ణోగ్రత అంటే 20 డిగ్రీలు. మన వంటగదిలో వేసవి మధ్యాహ్నం 35 ఉంటే వెన్న కరిగి నూనె అవుతుంది, అందులో గాలి నిలవదు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలు మెరవకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే ఆ స్థితికి వస్తుంది.

వెన్న, పంచదార కలిపి తెల్లబడి నురగలా అయ్యేదాకా గిలకొట్టండి. చేతి బీటర్‌తో ఐదారు నిమిషాలు, విస్క్‌తో అయితే చేయి నొప్పెట్టేదాకా. గిలకొట్టే ఓపికంతా ఇక్కడ చూపించండి, ఎందుకంటే కేక్‌లో ఉండే సన్నటి బుడగలన్నీ ఈ దశలోనే పుడతాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు, ఉన్నవాటిని పెంచుతుంది. తర్వాత గుడ్లు ఒక్కొక్కటిగా వేసి కలపాలి. విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచా మైదా చల్లండి, సర్దుకుంటుంది.

మైదా, బేకింగ్ పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించి ఉంచుకోండి. సగం మైదా, సగం పాలు, మళ్ళీ మిగతా మైదా, మిగతా పాలు. బీటర్ పక్కన పెట్టేసి గరిటెతో కిందనుంచి పైకి తిప్పుతూ కలపండి. పొడి మైదా కనిపించకపోతే చాలు, ఆపేయండి. ఇంకా తిప్పితే మైదాలోని జిగురు సాగి, కేక్ రబ్బరులా వస్తుంది, లోపల పొడుగాటి కన్నాలు పడతాయి. మీ పదిహేను నిమిషాల గిలకొట్టుడు మైదా వేశాక జరిగిందని అనుకుంటున్నాను.

మైదా తడిసిన క్షణం నుంచి మాత్రం తొందరపడండి. టిన్నుకి వెన్న రాసి, బటర్ పేపర్ వేసి ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. ఓవెన్ అప్పటికే వేడెక్కి ఉండాలి. పిండి కలిపి పెట్టి, ఫోన్ వస్తే మాట్లాడి, ఆ తర్వాత ఓవెన్ వెలిగించేవాళ్ళని చాలామందిని చూశాను. ఆలోపు గ్యాస్ సగం గాల్లో కలిసిపోతుంది.

పంచదార తగ్గించొచ్చా అని అందరూ అడుగుతారు. పది పదిహేను శాతం తగ్గిస్తే పర్లేదు. సగానికి తగ్గిస్తే కేక్ పొడిగా, పాలిపోయి వస్తుంది. పంచదార తీపికే కాదు, తేమని పట్టి ఉంచడానికి కూడా.

అయిందో లేదో చూడటం

పాతిక నిమిషాలు దాటాక అద్దంలోంచి చూడండి. పైన బంగారు రంగు రావాలి, అంచులు టిన్నుని వదిలి లోపలికి జరగాలి. అప్పుడు తలుపు తీసి మధ్యలో సన్నటి పుల్ల గుచ్చండి. తడి పిండి అంటితే ఐదు నిమిషాలు ఆగండి. పొడి రవ్వలు అంటితే అయినట్టే. వేలితో నొక్కితే తిరిగి పైకి లేవాలి. పుల్ల ఒక్కచోటే గుచ్చకుండా రెండు చోట్ల చూడండి. పైన రంగు వచ్చేసి లోపల పచ్చిగా ఉంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి కొనసాగించండి.

తీశాక పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత జాలీ మీదకి తిప్పండి. జాలీ లేకపోతే రెండు గరిటెలు అడ్డంగా పెట్టి వాటి మీద ఉంచినా చాలు, కింద గాలి ఆడాలి. కోయడానికి కనీసం గంటన్నర, క్రీమ్ పూయాలంటే రెండు గంటలు పైనే ఆగండి. వేడి కేక్ లోపల గంజి ఇంకా గట్టిపడుతూ ఉంటుంది, కోస్తే జిగురుజిగురుగా ఉండి పచ్చిగా ఉందనిపిస్తుంది. మీరు వేడిగానే కోశానన్నారు కదా, మీ కేక్ పచ్చిదనంలో కొంత భాగం ఇదీ అయి ఉండొచ్చు.

మీ అత్తగారి కుక్కర్ మాట

ఆవిడ చెప్పినదాంట్లో విషయం ఉంది. మన పెద్దవాళ్ళు ఓవెన్ అనే మాట తెలియకుండానే బేకింగ్ చేశారు. మందపాటి గిన్నెలో మినప్పిండి పోసి, కింద సన్నటి నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి దిబ్బరొట్టె కాల్చేవాళ్ళు. రెండు రాడ్ల ఓటీజీ చేసే పనీ అదే. మా వీధిలో ఒడియావాళ్ళు జూన్ నడుమ రొజొ పండక్కి పొడొ పిఠా చేస్తారు. బియ్యం, మినుముల పిండిలో బెల్లం, కొబ్బరి, అల్లం వేసి, అరిటాకులో చుట్టి నిప్పుల్లో రాత్రంతా వదిలేసేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో స్టవ్ మీదే, కానీ సన్నటి సెగ, మూత తీయకపోవడం అన్న రెండు నియమాలూ అలాగే ఉన్నాయి. నయాగఢ్ వైపు పుట్టిన ఛెనా పొడొ (విరిగిన పాల ముద్దతో కాల్చే స్వీటు) కూడా అంతే, పైన ఆ నల్లటి పొర రావడానికే గంటలు పడుతుంది. మీ అత్తగారికి ఇలాంటివి చేసిన చేయి ఉంటే ఆవిడని పక్కన కూర్చోబెట్టుకోండి. సెగ తగ్గించాలో పెంచాలో వాసన పట్టి చెప్పగలరు.

అయితే ప్రెషర్ కుక్కర్ వద్దంటాను. నీళ్ళు లేకుండా వేడి చేయొద్దని చాలా కుక్కర్ కంపెనీలు పుస్తకంలోనే రాస్తాయి. అడుగు వంకర పోతుంది, వేడి పట్టడానికి అడుగున ఉప్పు పోస్తే అల్యూమినియంకి గుంతలు పడతాయి. మందపాటి పాత దబరా గానీ ఇనప మూకుడు గానీ తీసుకోండి, బరువైన మూత ఉండాలి. అడుగున ఒక అంగుళం శుభ్రమైన ఇసుక, దాని మీద స్టాండు, మూత పెట్టి మధ్య సెగలో పది పన్నెండు నిమిషాలు. తర్వాత టిన్ను దించి, మంట తగ్గించి, నలభై నుంచి యాభై నిమిషాలు. పైన రంగు రాదు, ఎందుకంటే పైనుంచి వేడి లేదు. క్రీమ్ పూసే కేక్‌కి అది సమస్యే కాదు. ప్రెషర్ కుక్కరే వాడక తప్పకపోతే రబ్బరు, విజిల్ రెండూ తీసేయడం మర్చిపోవద్దు.

గుడ్డు లేకుండా

గురువారాలు మీ అత్తగారు గుడ్డు ముట్టరని రాశారు. మన వైపు కార్తీకమంతా, మార్గశిర లక్ష్మీవారాలు, తెలుగిళ్ళయినా ఒడియా ఇళ్ళయినా ఇదే మాట. ఆ రోజుల్లో నా దగ్గర గుడ్డు లేని కేకులే పోతాయి. కొలత: గడ్డ పెరుగు ఒక కప్పు, పంచదార ముప్పావు కప్పు, వాసన లేని నూనె అరకప్పు, మైదా ఒకటిన్నర కప్పు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, సోడా అర చెంచా, వెనిలా. ఇది 7 అంగుళాల టిన్నుకి. ఇక్కడ పెరుగు పులుపు ఉంది కాబట్టి సోడాకి పని ఉంది. సోడా తడి తగలగానే మొదలుపెట్టేస్తుంది, గుడ్డు కేక్ కన్నా దీన్ని ఇంకా త్వరగా ఓవెన్‌లో పెట్టాలి. గుడ్డు ఇచ్చే గట్టిదనం ఉండదు కాబట్టి తలుపు నియమం దీనికి మరీ ముఖ్యం, ముప్పై నిమిషాల దాకా తీయొద్దు.

పుట్టినరోజుకి

కేక్ ముందురోజు పొద్దున్నే చేసేయండి. పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంచితే మర్నాటికి తేమ సమంగా సర్దుకుని, కోసినప్పుడు రాలదు. మామూలు ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ కొని గిలకొట్టకండి. దాన్లో కొవ్వు 25 శాతమే, గట్టిపడాలంటే కనీసం 30 ఉండాలి. విప్పింగ్ క్రీమ్ అని అడిగి కొనండి. గుణుపురంలో దొరక్కపోతే బరంపురం, శ్రీకాకుళం, విశాఖలో బేకరీ సామాన్ల కొట్లలో దొరుకుతుంది, కానీ గడ్డకట్టించి అమ్ముతారు కాబట్టి ఐస్ డబ్బాలో తెచ్చుకోవాలి. అంత తిప్పలు ఎందుకనుకుంటే చాక్లెట్, పాలు, వెన్న కరిగించి పైన పోసేయండి. మన ఎండకి క్రీమ్ కన్నా అదే నయం.

రుచికి వెనిలా ఒక్కటే దారి కాదు. గంజాం మొగలిపువ్వుల నీరు పేరున్నదే కదా, వంటకి వాడే రకం ఒకటి రెండు చుక్కలు పెరుగు కేక్‌లో వేసి చూడండి. అత్తరు వేయకండి, సబ్బు తిన్నట్టుంటుంది. పలాస జీడిపప్పు వేయించి, మైదా పట్టించి కలిపితే అడుగుకి దిగదు. చాక్లెట్ కేక్ అయితే పాలల్లో సగానికి బదులు కొరాపుట్ కాఫీ డికాక్షన్ వేయండి, కోకో రుచి రెట్టింపవుతుంది. కొరాపుట్‌లో చుట్టాలకి ఈ కొలతలు చెప్తే మాత్రం ఒక మాట చెప్పండి: అది 850 మీటర్ల పైన ఉన్న ఊరు, గాలి ఒత్తిడి తక్కువ, కేక్ కాస్త ఎక్కువ పొంగి కూలే అవకాశం ఉంది. బేకింగ్ పౌడర్ చెంచాకి రవ్వంత తగ్గించుకోమనండి. మీరు వంశధార ఒడ్డున కింద ఉన్నారు, మీకు ఆ లెక్క అక్కర్లేదు.

పుట్టినరోజుకి ముందు ఒకసారి సగం కొలతతో, ఒక్క గుడ్డుతో, చిన్న గిన్నెల్లో చేసి చూడండి. కప్ కేకులు ఇరవై నిమిషాల్లోపే అవుతాయి. మీ ఓవెన్ నిజంగా ఎంత వేడి ఇస్తోందో ఆ ఒక్క వాయితోనే తెలిసిపోతుంది. పైన పగిలితే మీట ఇంకో పది డిగ్రీలు తగ్గించండి. పాలిపోయి, చదునుగా, జిగటగా ఉంటే పది పెంచండి. తర్వాత కూడా గుంట పడితే టిన్ను సైజు, చేసిన వేళ, ఎన్నో నిమిషంలో తలుపు తీశారో ఈ మూడూ రాయండి, ఫొటో లేకపోయినా పర్లేదు.